ఒక సంతకం కోసం తాండూరు దాకా

తాండూరు చూడటానికి ఎవరూ వెళ్లరు. బండలు కొనడానికి వెళ్తారు, కందిపప్పు కొనడానికి వెళ్తారు, లేదా అక్కడ పుట్టి ఉంటే ఇంటికి వెళ్తారు. నేను ఒక కాగితం మీద సంతకం పెట్టించుకు రావడానికి వెళ్లాను. మా కాకినాడ వాళ్లలో అటువైపు వెళ్లినవాళ్లు తక్కువ కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. దాంతోపాటు నేను చేసిన వెధవ పని కూడా రాయక తప్పదు. అది లేకపోతే ఈ ప్రయాణమే లేదు.

నా ఉద్యోగం సముద్రంలో. తీరం కనబడనంత దూరంలో గ్యాస్ బావులున్నాయి. నాలుగేసి ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన రెండు మేడలు, వాటి మధ్య ఒక వంతెన. ఒక మేడ మీద బావుల తలలుంటాయి. రెండోదాని మీద గ్యాస్‌లోంచి నీళ్లూ ఇసకా వేరుచేసే యంత్రాలు, మేం పడుకునే గదులు. ఇరవై ఎనిమిది రోజులు అక్కడ, ఇరవై ఎనిమిది రోజులు ఇంట్లో. హెలికాప్టర్‌లో వెళ్తామని మొదటి ఏడాది వీధంతా గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు నాకు అదీ ఆర్టీసీ బస్సూ ఒకటే, రెండింట్లోనూ నిద్రపోతాను.

అక్కడ అలారం మోగితే అందరూ ఒకచోట చేరాలి. అక్కడ ఒక బోర్డు, దానికి ఒక్కొక్కడి పేరుతో ఒక కార్డు ఉంటాయి. వచ్చినవాడు తన కార్డు తానే తిరగేసి వరుసలో నిలబడాలి. కార్డులన్నీ తిరిగితే లెక్క సరిపోయినట్టు. వారానికోసారి ఉత్తుత్తి అలారం మోగించి మాచేత ఇది చేయిస్తారు. చేసీ చేసీ విసుగు పుట్టి, ఒకడి కార్డు ఇంకొకడు తిప్పడం అలవాటైపోయింది. ‘నాది కూడా తిప్పెయ్‌రా’ అంటే చాలు. నాకు సత్తిబాబు, సత్తిబాబుకి నేను.

ఆ రోజు రాత్రి డ్యూటీ దిగాక, రావలసినవాడు రాకపోతే పగటి డ్యూటీ కూడా నేనే ఎక్కాను. బావుల వైపు మేడ మీద మీటర్ల గది ఉంది. చల్లగా ఉంటుంది. కుర్చీలో కునుకు పట్టింది. అలారం వినబడింది కానీ, ఎప్పుడూ మోగేదేలే, సత్తిబాబు ఉన్నాడులే అనుకున్నాను. ఆ రోజు మోగింది నిజం అలారం. బావి తల దగ్గర ఒక జాయింటు వదులై గ్యాస్ కారుతోంది. ఇంట్లో సిలిండర్‌కి ఉండే వాసన తర్వాత కలిపేది. బావిలోంచి నేరుగా వచ్చేదానికి అంత వాసన ఉండదు. తల బరువెక్కడం వరకే నాకు గుర్తుంది.

అవతల లెక్క సరిపోయింది. సత్తిబాబు రెండు కార్డులు తిప్పాడు కదా. వరుసలో ఉన్న మల్లేశు ఒక్కడే ఒప్పుకోలేదు. మల్లేశుది బషీరాబాద్ దగ్గర పల్లె, గొర్రెలు కాసేవాళ్ల ఇల్లు. మా దగ్గర ఇనుప గొట్టాలకి రంగులేసే ముఠాలో పనిచేసేవాడు. “లెక్క సరిపోయింది సారూ, మనిషి లేడు” అన్నాడట సూపర్‌వైజర్‌తో. నోర్మూసుకుని నిలబడమన్నాడాయన. మల్లేశు నిలబడలేదు. నా డ్యూటీ మీటర్ల గదిలోనని తెలుసు కాబట్టి, ముక్కుకి తొడుగు కూడా లేకుండా వంతెన దాటొచ్చి, నా చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుపోయాడు.

అనుమతి లేకుండా గుంపులోంచి వెళ్లకూడదన్నది అక్కడ పెద్ద రూలు. మంచి రూలే. కాపాడబోయినవాడు కూడా పడిపోతే ఒకరికి ఇద్దరవుతారు. మల్లేశుని మర్నాటి హెలికాప్టర్‌లోనే దింపేశారు. విచారణలో నన్నడిగితే ఏం రాసిచ్చాను? కార్డు నేనే తిప్పాననీ, ఒక వాల్వు మూయలేదని గుర్తొచ్చి వెనక్కెళ్లాననీ రాసిచ్చాను. అబద్ధం రాసినందుకు నా భుజం తట్టారు. నిజంగా మనిషిని కాపాడినందుకు అతన్ని ఇంటికి పంపారు. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

రెండు నెలలు పోయాక కాంట్రాక్టరు ఆఫీసులో ఒక కాగితం తయారైంది. ‘అనుమతి లేకుండా నిర్ణీత స్థలం విడిచి వెళ్లడం నా తప్పు, మన్నించగలరు’ అని మల్లేశు సంతకం పెడితే మళ్లీ పనిలోకి తీసుకునే వీలుందట. విచారణ సోమవారంతో మూసేస్తారు. నేను తీసుకెళ్తానండీ అన్నాను. అతని పని అతనికొస్తుంది, నా అబద్ధం నా దగ్గరుంటుంది, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను.

వికారాబాద్‌లో దిగిపోవడం

తిన్నగా తాండూరు వెళ్లాల్సినవాణ్ణి ఒక స్టేషన్ ముందే దిగి ఒక రోజు ఆగాను. కొండలు చూద్దామని దిగానని ఇంట్లో చెప్పాను. నిజానికి మల్లేశు మొహం చూడటాన్ని ఒక రోజు వాయిదా వేసుకున్నాను.

రైల్లో నా ఎదుట పరిగి ఆవిడ ఒకామె కూర్చుంది. హైదరాబాద్‌లో కూతురి కాన్పు చేసి వస్తోంది. నాకు ఎప్పట్నించో ఒక పొడి దగ్గుంది, నాలుగు మాటలకోసారి వస్తుంది. అది విని సంచిలోంచి వాము తీసి అరచేతిలో పోసింది. “నములు. దగ్గుకు మంచిది. ఏం పనిజేస్తవ్ నాయినా?”

చెప్పాను.

“సముద్రంల బోరేస్తరా?” ఆమె పక్కవాళ్లని కూడా లేపింది. “నీళ్లల్ల నిలబడి, నీళ్ల కింద బోరు! మా ఇంటాయనకు చెప్తె నవ్వుతడు.”

నాకు ఓపిక లేకపోయినా చెప్పక తప్పలేదు. ముందు ఓడలొచ్చి అడుగున ఏముందో శబ్దాలు పంపి వింటాయనీ, తర్వాత రిగ్గు వచ్చి బోరు వేస్తుందనీ, గ్యాస్ పడితే ఇనుప మేడ తెచ్చి కాళ్లు సముద్రం అడుగులోకి దిగ్గొడతారనీ, అక్కణ్ణించి ఒడ్డుదాకా నీళ్ల కింద పైపులు పరుస్తారనీ. ఇదంతా అవడానికి ఏళ్లు పడుతుందనీ.

“ప్రతి బోరు పడ్తదా?”

“పడదమ్మా. కొన్ని ఉత్తివే. పడ్డవి కూడా ఏడాదికేడాది నీరసిస్తాయి. గ్యాస్ తగ్గి నీళ్లొస్తుంటాయి.”

ఆమె గట్టిగా నవ్వింది. “మాది ఉల్టా గదా! నీళ్ల కోసం ఏస్తె ఉత్త గాలొస్తది. మాయి ఐదు ఫెయిలైనయ్. ఐదోదానికి ఆయన మూడు దినాలు అన్నం ముట్టలే.” తర్వాత కాస్త సీరియస్‌గా అడిగింది. “ఆ గ్యాస్ ఏడికి పోతది? మా పొయ్యికొస్తదా?”

మాది ఎక్కువగా కరెంటుకీ ఎరువుల ఫ్యాక్టరీలకీ పోతుందని, యూరియా దాంతోనే చేస్తారని చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. “గట్లనా! మరి మేము చెప్పులు లైన్ల పెట్టి పొద్దుందాక నిలబడ్డ దొరకలేదేంది? జర ఎక్కువ తీయరాదుండ్రి!” పెట్టెలో సగంమంది నావైపు తిరిగారు. సముద్రంలో గ్యాస్ తగ్గడానికీ వాళ్ల మండలంలో యూరియా దొరకకపోవడానికీ నేనే బాధ్యుణ్ణి అయినట్టు తల దించుకుని వాము నమిలాను. దిగేటప్పుడు ఆమె నా సంచిలో రెండు జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు పెట్టింది. మా వైపు రైల్లో అరటిపండు ఇవ్వడానికే ఆలోచిస్తారు.

వికారాబాద్‌లో గాలి చల్లగా ఉంది. అనంతగిరి కొండ మీద వెనకటికి ఊపిరి జబ్బు వాళ్లని తెచ్చి ఉంచేవారట, గాలి మంచిదని. మూసీ నది ఇక్కడే పుడుతుందంటే చూడబోయాను. చూస్తే, రాళ్ల మధ్య మడమ కూడా తడవని నీళ్లు. గోదావరి పక్కన పెరిగిన కళ్లకి అది నదిలా ఆనలేదు. అక్కడే ఒక రాయి మీద కూర్చుని రొట్టె తిన్నాను. మాకు మూడు పూటలా అన్నం లేకపోతే తిన్నట్టుండదు. ఈ రొట్టె రెండోదానికే కడుపు నిండిపోయింది.

స్టేషన్ ఎదుట చాయ్ హోటల్లో పది రూపాయల చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు ఎవరినో తిడుతున్నారు. “ఒకడు జేసిన తప్పుకు ఇంకోన్ని పట్కపోయిండ్రు గదరా!” అన్నాడొకడు. ఏదో ట్రాక్టర్ గొడవ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చాయ్ సగంలో వదిలేసి లేచాను. లాడ్జిలో మంచం బాగానే ఉంది. నిద్రే రాలేదు. అవసరం లేనప్పుడు కుర్చీలో కూడా వచ్చే నిద్ర.

తాండూరు: ఇక్కడ కూడా సముద్రమే

తాండూరులో దుమ్ము మీదపడి పలకరిస్తుంది. సిమెంటు లారీలు, బండల లారీలు, వాటి మధ్య ఆటోలు. ఊరంతా బండలే. ఇళ్ల గోడలు బండలు, కాలువల మీద బండలు, పొలాల గట్ల మీద కంచెకి బదులు నిలువుగా పాతిన బండలు. మా దగ్గర తాటిమట్టలతో చేసే పనులన్నీ వీళ్లు రాయితో చేస్తారు.

ఇంకో గంట గడపడానికి ఒక పాలిష్ మిల్లులోకి వెళ్లాను. ఖాజా భాయ్ అని అరవై ఏళ్లాయన, మోచేతుల దాకా తెల్లని బురద. పసుపు రంగు బండ ఒకటి నీళ్లు పోసి చూపించాడు. దాని మీద అలలు అలలుగా గీతలున్నాయి.

“గిది పాలిష్ జేస్తె పోతది. కొందరు ఉంచమంటరు. ఎనకట ఒక కాలేజీ సారు వచ్చి చెప్పిండు, గీ జాగంత ఒకప్పుడు సముద్రమేనట. గియి దాని అడుగుల పడ్డ గీతలట. నేనైతె సముద్రం జూడలే. మీరు జూశిండ్రా?”

“చూస్తూనే ఉంటానండీ. నేను ఉండేది అక్కడే.”

“ఎట్లుంటది?”

ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. పనిలో ఉన్నప్పుడు దాన్ని ఎవరూ చూడరు. మీటర్లు చూస్తాం, గడియారం చూస్తాం, వెళ్లే రోజు ఎన్నాళ్లుందో చూస్తాం. “నీళ్లండీ, అంతే” అన్నాను. ఆయన నిరుత్సాహపడ్డాడు. నాకు కూడా నా మీద చిరాకేసింది. రెండు రోజులు ప్రయాణం చేసి దాన్ని వదిలించుకొచ్చాననుకుంటే ఇక్కడ కూడా కాళ్ల కింద సముద్రమే.

రాతి పొడికి దగ్గు ఎక్కువైంది. ఖాజా భాయ్ బెల్లం ముక్క ఇచ్చాడు. మిల్లులో పనిచేసే వాళ్లందరికీ పొద్దున్నే ఇస్తాడట. మా దగ్గర రంగులేసే ముఠాకి కూడా బెల్లం ఇస్తారు. ఈ విషయంలో మాత్రం రెండు ఊళ్లకీ తేడా లేదు.

సత్తిబాబుకి ఫోన్ చేశాను, ధైర్యం కోసం. “సంతకం పెట్టించుకుని వచ్చెయ్యరా బాబూ. కదిపితే ఇద్దరం పోతాం. నాకు ఇంకా ఇంటి పని పూర్తవలేదు” అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. నేను అడిగితేనే తిప్పాడు.

బషీరాబాద్ దారి

షేర్ ఆటోలో ఒక కంది బస్తా, నేను, తొమ్మిదిమంది. బస్తా నా ఒళ్లో. రోడ్డుకి రెండు వైపులా కంది పూత మీద ఉంది, కనుచూపు మేర పసుపే. బాగుంది అనుకుంటూనే నిద్రపోయాను. లేచేసరికి చుట్టూ అందరూ కన్నడం మాట్లాడుతున్నారు. నేను దిగాల్సిన ఊరు దాటి చాలాసేపైంది. ఆటో అతను పడీపడీ నవ్వాడు. “ఎంత లేపిన లేవలే సారు! గింత మొద్దునిద్ర ఏంది?” తిరుగు ఆటోవాడికి అప్పగించి, ఛార్జీ వద్దని చెప్పి పంపాడు.

నిద్రపోయి రెండోసారి దారి తప్పాను. మొదటిసారి వెనక్కి ఈడ్చుకొచ్చినవాడి ఇంటికే వెళ్తూ మళ్లీ నిద్రపోయాను.

మల్లేశు ఇల్లు ఊరి చివర. ముందు బండలు పరిచిన అరుగు, పక్కన ముళ్లకంపతో కట్టిన గొర్రెల దొడ్డి. అతను మందతో బయటికెళ్లాడు. అతని భార్య మహాదేవి ఉంది. పుట్టిల్లు కర్ణాటక వైపు సేడం దగ్గర, మాటలో రెండు భాషలూ కలిసిపోతాయి.

“సముద్రం సూరన్ననా?” అంది నా పేరు చెప్పగానే. మొహం విప్పారింది. “ఆయన రోజు చెప్తడు మీ ముచ్చట. పానం మంచిగైందా? కూసో. ఊట మాడ్రి అన్నా, తిను ముందు.”

వేడి రొట్టె, పుంటికూర (మా గోంగూరే) పప్పు, ఉల్లిపాయ. తాండూరు కందిపప్పు గురించి విన్నాను కానీ తినలేదు. కమ్మటి వాసన అరుగు దాకా వచ్చింది. ఆమె ఒక్కో రొట్టె వేడివేడిగా తెచ్చి వేస్తోంది. ఎందుకొచ్చానో అడగలేదు. ఆయన పని ఎందుకు పోయిందో ఆమెకి పూర్తిగా తెలియదని నాకు అర్థమైంది. సారుకి ఎదురు మాట్లాడితే పంపేశారని చెప్పాడట మల్లేశు. “కోపమెక్కువ ఆయనకు” అంది. చేతిలో ఉన్న రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాను. నీళ్లు తాగాను.

దొడ్డి తడక దగ్గర

పొద్దు వాలుతుంటే మంద వచ్చింది. ముందు దుమ్ము, తర్వాత అరుపులు, ఆ తర్వాత భుజాన గొంగడితో మల్లేశు. నన్ను చూసి కర్ర అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు. “అరే, అన్నా! చెప్పకుంట వస్తివి! మస్తు ఎండిపోయినవ్.” పట్టుకుని వదల్లేదు. “జర ఆగు, గియ్యిటిని తోలి వస్త.”

ఇక్కడ నేను చూసింది వివరంగా రాయాలి.

దొడ్డికి ఒకటే దారి, దానికొక తడక. తడక ఒకవైపు మహాదేవి నిలబడింది, ఇంకోవైపు మల్లేశు. గొర్రెలు ఇద్దరి మధ్యనుంచి లోపలికి పోతున్నాయి. ఆమె వేళ్లు మడుస్తూ రెండేసి చొప్పున లెక్కపెడుతోంది. పైకి అంకె చెప్పదు, దిష్టట. మల్లేశు లెక్కపెట్టడం లేదు. ఊరికే చూస్తున్నాడు. చివరి గొర్రె వెళ్లాక ఆమె తల ఊపింది, సరిపోయాయని. మల్లేశు తడక వేయలేదు.

“బొల్లి మూతిది లేదు” అన్నాడు.

“సరిపోయినయ్ గదా!”

“సరిపోయినయ్. గా ఎర్రది మనది గాదు.”

ఆమె లోపలికెళ్లి చూసింది. నిజమే. నీళ్ల దగ్గర రెండు మందలు కలిసి, పక్కవాళ్లది ఒకటి ఇటొచ్చింది, వీళ్లది ఒకటి అటు పోయింది. చీకటి పడకముందే పక్క దొడ్డి ఆయన బొల్లి మూతిదాన్ని చెవి పట్టుకుని తీసుకొచ్చాడు, తిట్టుకుంటూ. గొర్రెకి గొర్రె మార్చుకున్నారు. ఇద్దరికీ అదేమీ వింత కాదు.

“ఎప్పుడూ ఇద్దరు నిలబడాలా?” అని అడిగాను.

“ఇద్దరుండాలె. ఒకరు లెక్క జూడాలె, ఒకరు మొకం జూడాలె. ఇద్దరు ఒప్పుకుంటెనే తడక ఎయ్యాలె. మా తాత పెట్టిన రివాజు.” తడక వేస్తూ అన్నాడు. “మీ బోర్డు కాడ లెక్కనే జూస్తరు.”

కాగితం

అరుగు మీద లైటు వేసి చాయ్ ఇచ్చాక కాగితం తీశాను. మడతల్లో బెల్లం అంటి ఒక మూల జిగటగా ఉంది. మల్లేశు చదవకుండానే పెన్ను అడిగాడు. “నువ్వు తెచ్చినవంటె మంచిదే అయితది. పని దొరుకుతదా మళ్ల? ఏడ పెట్టాలె?”

పెన్ను నా జేబులోనే ఉంది. ఇచ్చేసి ఉంటే ఆ రాత్రి హాయిగా పడుకుని, పొద్దున్న కందిపప్పు కొనుక్కుని వచ్చేసేవాణ్ణి. ఈ కథ రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మహాదేవి కాగితం తీసుకుంది. కన్నడ బడిలో చదివింది కాబట్టి తెలుగు కూడబలుక్కుని పైకే చదివింది. రెండుసార్లు చదివింది.

“ఇడ్సిపెట్టి పోయిండని రాశిండ్రు. ఏడికి పోయిండో రాయలే. ఎవలి కోసం పోయిండో రాయలే.” తలెత్తి నన్ను చూసింది. “నువ్వు పడిపోతె గుంజుకొచ్చిండని చెప్పిండు గదన్నా. ఇండ్ల నువ్వు లేవు.”

నాకిక ఓపిక అయిపోయింది. ధైర్యం వచ్చి చెప్పలేదు, మోయలేక చెప్పాను. కార్డు నేను తిప్పలేదని, నిద్రపోయానని, సత్తిబాబు తిప్పాడని, విచారణలో అబద్ధం రాసిచ్చానని. చెప్తుంటే దగ్గు అడ్డం వచ్చింది. ఎవరూ నీళ్లివ్వలేదు.

“నాకెర్కే” అన్నాడు మల్లేశు నెమ్మదిగా. “ఆయన రెండు కార్డులు తిప్పుతుంటె జూశ్న.”

“మరి విచారణలో చెప్పలేదేం?”

“నన్ను అడగలే. పోయినవా లేదా అన్నరు. పోయిన అన్న. గంతే అడిగిండ్రు.” కాగితం చివర వేలితో రుద్దుతూ అన్నాడు. “నువ్వు చెప్తవనుకున్న.”

మహాదేవి లేచి నిలబడింది. “మా ఇంట్ల రొట్టె తిన్నవ్ గదన్నా” అంది. లోపలికి వెళ్లిపోయింది. నన్ను నా జీవితంలో చాలామంది తిట్టారు. ఏ తిట్టూ అంత లోతుకి దిగలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది. యాభై నాలుగేళ్లవాణ్ణి, పరాయి అరుగు మీద కూర్చుని ఏడ్చాను.

మల్లేశు ఊరుకోమనలేదు. ఏడవనిచ్చాడు. తర్వాత ఒక గొంగడి తెచ్చి నా మీద వేశాడు, చలిగా ఉందని. అప్పుడడిగాను, అందరూ టోపీలు, ఒకే రంగు బట్టలు వేసుకునే వరుసలో నేను లేనని ఎలా తెలిసిందని.

“నువ్వు ఎప్పుడు నా ముందట నిలబడ్తవ్. నిలబడితె దగ్గుతవ్. ఆ దినం దగ్గు ఇనబళ్లే.” దొడ్డి వైపు చూపించాడు. “మా దాంట్ల గూడ ఒకటున్నది, నీ లెక్కనే.”

తిరుగు

పొద్దున్నే ఆ అరుగు మీదే కూర్చుని, ఆ మన్నింపు కాగితం వెనకవైపు నా మాట రాశాను. నేను నిద్రపోయాను. నా కార్డు నేను తిప్పలేదు, నేను కోరితే ఇంకొకరు తిప్పారు. వారి పేరు చెప్పను, తప్పు నాది. లెక్క తప్పని చెప్పింది మల్లేశు ఒక్కడే. నేను బతికి ఉండటానికి కారణం అతనే. ఒడ్డున ఆఫీసులో పెద్దవాళ్లు కూడా చదువుతారు కాబట్టి దస్తూరి కుదురుగా రాశాను. సంతకం పెట్టాను. వచ్చింది అతని సంతకం కోసం, పట్టుకుపోయింది నాది.

మహాదేవి ఆ రెండో వైపు కూడా కూడబలుక్కుని పైకి చదివింది. తిరిగిచ్చి, లోపలికెళ్లి ఒక చిన్న సంచిలో కందిపప్పు పోసి తెచ్చింది. నవ్వలేదు. “వదినెకియ్యి” అంది. అంతవరకే. అంతకంటే ఎక్కువ నాకు రావలసింది లేదు.

సోమవారం కాగితం ఇచ్చాను. అధికారి రెండు వైపులా చదివారు. సముద్రం మీదికి వెళ్లే నా పాసు తీసుకున్నారు. అబద్ధం రాసినవాణ్ణి అక్కడ ఉంచలేమన్నారు, అది కూడా మంచి రూలే. సత్తిబాబు నాతో మాట్లాడటం మానేశాడు. పేరు చెప్పకపోయినా అతనికి భయమే. ఇరవై రెండేళ్ల తర్వాత నేనిప్పుడు ప్రతి నెలా ఇంట్లోనే ఉంటున్నాను. ఇంట్లోవాళ్లకి కూడా ఇది కొత్తే, ఇరవై తొమ్మిదో రోజు నుంచి నన్నేం చేయాలో మా ఆవిడకి తోచడం లేదు. పప్పు మాత్రం నిజంగా బాగా ఉడికింది.

మల్లేశుని మళ్లీ తీసుకున్నారు. ఇప్పుడు అలారం మోగితే బోర్డు దగ్గర ఇద్దరు నిలబడుతున్నారట. ఒకరు కార్డులు చూస్తారు, ఇంకొకరు వరుస వెంట నడిచి మొహాలు చూస్తారు. రెండోవాడు మల్లేశే.

మొన్న అక్కణ్ణించి ఫోన్ చేశాడు. గాలి హోరులో మాట తెగిపోతోంది. బోర్డు మీద నా కార్డు ఉండే చోట ఇంకా ఎవరిదీ పెట్టలేదట.

“ప్రతిసారి లెక్క సరిపోతున్నదన్నా. మొకాలు గూడ సరిపోతున్నయ్. అయినగని లైన్ల నిలబడితె ఒకడు తక్కువైనట్టే కొడ్తున్నది.”

ఏదో అనబోయాను. దగ్గొచ్చింది, ఆగకుండా. అవతల అతను దగ్గు తగ్గేదాకా విన్నాడు.

“ఆఁ” అన్నాడు. “ఇగ సరిపోయింది.”